ఏడు వారాలు – ఏడు పుస్తకాలు

ఎండలు ముదిరాయి. బడికి తాళం పడింది. పిల్లలు పుస్తకాల సంచిని మూలకు పెట్టారు. ఇక జూన్ దాకా దాన్ని ముట్టరు.

తెలంగాణలో బడులకు 2024లోనూ, 2025లోనూ ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులు ఇచ్చారు. లెక్క పెట్టండి. ఏప్రిల్‌లో 7 రోజులు. మే నెలలో 31 రోజులు. జూన్‌లో 11 రోజులు. మొత్తం 49 రోజులు. అంటే సరిగ్గా ఏడు వారాలు.

ఈ ఏడు వారాలు పిల్లలు ఏం చేస్తారు?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో తల్లులు పొద్దున్నే సద్ది కట్టుకుని పనికి పోతారు. ఒకరు కూరగాయల తోటకు పోతారు. ఒకరు కోళ్ల ఫారానికి పోతారు. ఒకరు కంపెనీకి పోతారు. ఇంకొకరు ఇండ్లు కట్టే పనికి పోతారు. ఇంటి దగ్గర పిల్లలు మిగులుతారు.

కొందరు పిల్లలు ఎండలో తిరుగుతారు. కొందరు సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. కొందరు పెద్దవాళ్లకు చెప్పకుండా చెరువుకు, బావికి ఈతకు పోతారు. ఈతకు పోయి పిల్లలు మునిగిపోయిన వార్తలు ఎండాకాలంలో పేపర్లో చూస్తూనే ఉంటాం. ఆడపిల్లలకు ఆట కూడా తక్కువే. తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. అంట్లు తోమాలి. నీళ్లు పట్టాలి.

సెలవుల్లో పిల్లలు ఆడుకోవాలి. మామిడిపండ్లు, ముంజలు తినాలి. అమ్మమ్మ ఊరికి పోవాలి. అవన్నీ ఉండాల్సిందే. వాటితో పాటు రోజుకు ఒక్క గంట పుస్తకానికి కూడా ఉండాలి.

చదువు మరిచిపోతారా?

కొత్తగా చదువు నేర్చుకున్న అక్కలకు ఈ సంగతి బాగా తెలుసు. కొన్నాళ్లు పుస్తకం ముట్టకపోతే ఏమవుతుంది? అక్షరాలు గుర్తుంటాయి. ఒత్తులు కలిసిపోతాయి. ‘క్ష’ రాయాలంటే చెయ్యి ఆగుతుంది. బస్సు మీది ఊరి పేరు చదివేలోపే బస్సు పోతుంది.

పిల్లలకూ అంతే. చదువు కూడా ఈత లాంటిదని కొందరు అంటారు. ఒకసారి వస్తే మరిచిపోరు అంటారు. బాగా వచ్చినవాళ్లకు అది నిజమే. ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలకు అది నిజం కాదు. వాళ్ల చదువు ఇప్పుడే నాటిన నారు లాంటిది. దానికి రోజూ నీళ్లు కావాలి.

కరోనా కాలంలో ఇది దేశమంతా కనిపించింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో చిన్న తరగతుల పిల్లలు మళ్లీ బడిలో అడుగుపెట్టింది 2021 సెప్టెంబర్ 1న. అంటే దాదాపు ఏడాదిన్నర తర్వాత.

ప్రథమ్ అనే సంస్థ దేశంలోని పల్లెల్లో పిల్లల చదువును పరీక్షిస్తుంది. దాని నివేదికకు ‘అసర్’ అని పేరు. మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటారు. 2018లో నూటికి 27 మంది చదివారు. బడులు తెరిచిన తర్వాత, 2022లో నూటికి 20 మందే చదివారు. 2024 నాటికి మళ్లీ 27 మందికి వచ్చారు.

ఈ లెక్క రెండు సంగతులు చెప్తుంది. పుస్తకానికి దూరమైతే చదువు వెనక్కు పోతుంది. మళ్లీ పట్టుకుంటే తిరిగి వస్తుంది.

ఏడాదిన్నర వేరు, ఏడు వారాలు వేరు. ఏడు వారాల్లో అంత నష్టం రాదు. కానీ ఈ సెలవులు ప్రతి ఏడూ వస్తాయి. జూన్‌లో పిల్లవాడు పై తరగతికి పోతాడు. సార్ కొత్త పాఠం మొదలుపెడతాడు. పిల్లవాడికి పాత పాఠమే తడబడుతుంది. పక్క పిల్లలు నవ్వుతారు. వాడు వెనక బెంచీకి పోతాడు. నెమ్మదిగా బడికే పోనంటాడు. అప్పుడు మగపిల్లవాడిని మెకానిక్ షెడ్డులో పెడతారు. ఆడపిల్లనైతే ఇంటి దగ్గర ఉంచుతారు. కొన్నాళ్లకు పెండ్లి మాటలు మొదలవుతాయి.

చదువు ఒక్కరోజులో ఆగిపోదు. ఇట్లా కొంచెం కొంచెంగా జారిపోతుంది.

చదివి ఊరుకుంటే చాలదా?

చదవడం మంచిదే. చదివిన తర్వాత దాని గురించి నాలుగు మాటలు రాస్తే ఇంకా మంచిది. దీన్నే బడిలో ‘పుస్తక సమీక్ష’ అంటారు. పేరు పెద్దది. పని చిన్నది. చదివిన పుస్తకం గురించి సొంత మాటల్లో ఒక పేజీ రాయడమే పుస్తక సమీక్ష.

రాస్తే లాభం ఏమిటి? కొందరు పిల్లలు గడగడా చదువుతారు. ఏం చదివావు అంటే చెప్పలేరు. కండ్లు చదివాయి, బుద్ధి చదవలేదు. రాయాలంటే మాత్రం కథను మనసులో తిప్పుకోవాలి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని ఆలోచించాలి. ‘నాకు ఇది నచ్చింది’ అని రాయాలంటే ఎందుకు నచ్చిందో వెతకాలి.

రాయడానికి అయిదు ప్రశ్నలు చాలు.

1. పుస్తకం పేరు ఏమిటి? ఎవరు రాశారు?
2. అందులో ఎవరెవరు ఉన్నారు?
3. ఏం జరిగింది?
4. నీకు ఏది నచ్చింది? ఏది నచ్చలేదు? ఎందుకు?
5. నువ్వే అక్కడ ఉంటే ఏం చేస్తావు?

మొదటి మూడింటికి జవాబు పుస్తకంలో ఉంటుంది. చివరి రెండింటికి జవాబు పుస్తకంలో దొరకదు. అది పిల్లల మనసులోంచే రావాలి. అందుకే ఆ రెండూ ముఖ్యమైనవి. పుస్తకంలోని వాక్యాలను చూసి దించితే అది సమీక్ష కాదు. అది చేతికి పని మాత్రమే.

ఒక ఉదాహరణ

ఏడు చేపల కథ అందరికీ తెలుసు. అమ్మమ్మలు చెప్పే కథ అది. అయిదో తరగతి పిల్ల దాని గురించి ఇట్లా రాయవచ్చు.

“కథ పేరు ఏడు చేపల కథ. దీన్ని ఎవరు రాశారో లేదు. పెద్దవాళ్లు చెప్తూ వచ్చారు. ఇందులో రాజు కొడుకులు, చేప, ఆవు, అవ్వ, చీమ ఉన్నారు. రాజు కొడుకులు ఏడుగురు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. ఎందుకని అడిగితే గడ్డిమోపు అడ్డం వచ్చిందని చేప చెప్పింది. గడ్డిమోపు ఆవు మీద చెప్పింది. ఆవు జీతగాడి మీద చెప్పింది. జీతగాడు అవ్వ మీద చెప్పాడు. అవ్వ పిల్లవాడి మీద చెప్పింది. పిల్లవాడు చీమ మీద చెప్పాడు. చీమ మాత్రం ఎవరి మీదా చెప్పలేదు. తన పుట్టలో వేలు పెట్టినందుకే కుట్టానని చెప్పింది. నాకు చీమ నచ్చింది. అది భయపడలేదు.”

ఇంతే. పదహారు వాక్యాలు. ఇది విని ఆ పిల్ల తల్లి ఇట్లా అడగవచ్చు.

“చీమనే ఎందుకు నచ్చింది బిడ్డా?”

“అందరూ పక్కోళ్ల మీద చెప్పిండ్రు అమ్మా. చీమ ఒక్కటే నేనే కుట్టిన అని చెప్పింది.”

“మరి జీతగాని తప్పేముంది? అవ్వ బువ్వ పెట్టకపోతే ఆకలికి ఆవును ఎట్ల మేపుతడు?”

“అవును కదమ్మా. నేను గట్ల ఆలోచించలే.”

“అయితే గా మాట కూడా రాయి.”

చూడండి. పిల్లకు చీమ ధైర్యం కనిపించింది. తల్లికి జీతగాడి ఆకలి కనిపించింది. కథ ఒక్కటే. చూసిన కండ్లు రెండు జతలు. రెండు మాటలూ సరైనవే. సమీక్షలో తప్పు జవాబు ఉండదు. ‘ఎందుకు’ అన్నదానికి కారణం ఉంటే చాలు.

“నాకే చదువు అంతంత మాత్రం”

చాలామంది తల్లులు ఈ మాట అంటారు. “నేనే నిన్న మొన్న నేర్చుకున్న. పిల్లలకు నేనేం చెప్త?” అంటారు.

ఇక్కడ తల్లి పాఠం చెప్పనక్కర లేదు. తల్లి చేసే పనులు మూడే.

మొదటిది వినడం. వంట చేస్తూ వినవచ్చు. కూరగాయలు తరుగుతూ వినవచ్చు. పిల్లలు గట్టిగా చదివితే తల్లికి వినిపిస్తుంది. విన్నంతసేపు తల్లికి కూడా చదువు గుర్తుకు వస్తుంది.

రెండోది అడగడం. “తర్వాత ఏమైంది?” “ఎందుకట్ల చేసిండు?” “నువ్వైతే ఏం చేస్తవు?” ఈ ప్రశ్నలు అడగడానికి డిగ్రీ అక్కర లేదు. కథ విన్నవాళ్లు ఎవరైనా అడగగలరు.

మూడోది సంతకం. పిల్లలు రాసిన పేజీని తల్లి ఒకసారి చదవాలి. అన్నీ చదవలేకపోతే మొదటి నాలుగు వాక్యాలు చదవాలి. అడుగున తన పేరు రాయాలి. తేదీ వేయాలి. ఒకప్పుడు వేలిముద్ర వేసిన చెయ్యి ఇప్పుడు బిడ్డ చదువు మీద సంతకం పెడుతుంది. పిల్లలకు అది గొప్ప. తల్లికి కూడా గొప్పే.

తప్పులు ఉంటే? ఉండనివ్వండి. ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా తిట్టవద్దు, కొట్టవద్దు. తిట్టు తిన్న పిల్లలు పుస్తకాన్ని చూస్తేనే భయపడతారు. జూన్‌లో టీచరమ్మ దిద్దుతుంది. సెలవుల్లో కావలసింది అలవాటు.

ఇంకో సంగతి. ఈ పని ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒక్కటే. తమ్ముడు పుస్తకం పట్టుకుంటే అక్క అంట్లు తోమడం న్యాయం కాదు. అంట్లు ఇద్దరూ తోమాలి. పుస్తకం ఇద్దరూ చదవాలి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇంట్లో పుస్తకం లేదని ఆగనక్కర లేదు.

బడిలో అడగండి. సర్కారు బడుల్లో కథల పుస్తకాలు ఉంటాయి. 2022 ఫిబ్రవరి 5న తెలంగాణ బడుల్లో ‘రీడ్’ అనే పేరుతో 100 రోజుల చదువు కార్యక్రమం మొదలుపెట్టారు. పిల్లల చేత పాఠాల పుస్తకాలే కాక కథల పుస్తకాలు కూడా చదివించడం దాని ఉద్దేశం. సెలవులకు ముందే తల్లులు నలుగురు కలిసి హెడ్‌మాస్టరును అడగాలి. “పిల్లలకు తలా రెండు పుస్తకాలు ఇవ్వండి సార్. జూన్‌లో భద్రంగా తెచ్చి ఇస్తాం” అనాలి. బీరువాలో ఉంటే పుస్తకాన్ని చెదలు తింటాయి. పిల్లల చేతిలో ఉంటే అట్ట నలుగుతుంది, అంతే.

పై తరగతి పిల్లల పాత తెలుగు వాచకం అడగండి. అందులో కథలు ఉంటాయి. ఒక్కొక్క కథను ఒక పుస్తకం అనుకుని రాయవచ్చు.

గ్రంథాలయానికి పంపండి. గ్రంథాలయం అంటే పుస్తకాలు ఉండే ఇల్లు. మీ మండలంలో అది ఎక్కడ ఉందో కనుక్కోండి. అక్కడ కూర్చుని చదవడానికి పైసా కట్టనక్కర లేదు. నిజానికి ఆ పైసలు ముందే కట్టాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా తీసుకుంటారు. రూపాయికి 8 పైసలు. వంద రూపాయల ఇంటి పన్నుకు 8 రూపాయలు. కాబట్టి గ్రంథాలయం తెరిచి ఉండాలని, పిల్లల పుస్తకాలు ఉండాలని అడిగే హక్కు మనకు ఉంది.

కొనగలిగితే కొనండి. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల కోసం తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తుంది. సికింద్రాబాద్ తార్నాకలో ‘మంచి పుస్తకం’ అనే సంస్థ ఉంది. వాళ్లూ పిల్లల పుస్తకాలు వేస్తారు. నలుగురు తల్లులు తలా ఒక పుస్తకం కొంటే, మార్చుకుని నాలుగు పుస్తకాలు చదవవచ్చు.

ఏదీ దొరకకపోతే? అవ్వ ఉంది కదా. అవ్వ చెప్పే కథ పుస్తకంతో సమానం. ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చింది, శామీర్‌పేట చెరువు కింద ఎవరెవరు వ్యవసాయం చేసేవారు, పాత రోజుల్లో పెండ్లికి ఏం వండేవారు అని పిల్లలు అడగాలి. అవ్వ చెప్పాలి. పిల్లలు రాయాలి. ఆ పేజీ ఏ అంగడిలోనూ దొరకదు.

చదివి మాట్లాడుకుంటే ఏమవుతుంది?

పుస్తకం చదివి దాని గురించి నలుగురిలో మాట్లాడుకోవడం మన దగ్గర కొత్త కాదు.

నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో సర్కారు పని అంతా ఉర్దూలో జరిగేది. తెలుగు చదువుకోవడానికి బడులు తక్కువ. అప్పుడు కొందరు పెద్దలు కలిసి 1901లో హైదరాబాద్‌లో ఒక తెలుగు గ్రంథాలయం పెట్టారు. దాని పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. తర్వాత తెలంగాణలో ఊరూరా గ్రంథాలయాలు వచ్చాయి. జనం అక్కడ చదివారు, మాట్లాడుకున్నారు, ప్రశ్నించడం నేర్చుకున్నారు.

నెల్లూరు జిల్లా ఆడవాళ్ల సంగతి ఇంకా గొప్పది. 1990 తర్వాత అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా వల్ల బాధపడిన సీతమ్మ కథ అది. దూబగుంట ఊరి ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మనివ్వకుండా ఆపారు. ఆ సంగతి కూడా వాచకంలోకి ఎక్కింది. పాఠం చదివిన ఆడవాళ్లు “మరి మా ఊళ్లో?” అని మాట్లాడుకున్నారు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది. చివరికి ప్రభుత్వం 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించింది.

ఆ ఆడవాళ్లు అడిగింది పై అయిదు ప్రశ్నల్లో చివరి ప్రశ్నే. “నువ్వే అక్కడ ఉంటే ఏం చేస్తావు?”

వేరే రాష్ట్రాల్లోనూ ఇట్లాంటి పని జరుగుతున్నది. కేరళలో పి.ఎన్. పణిక్కర్ అనే ఉపాధ్యాయుడు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. ఆయన 1995 జూన్ 19న చనిపోయారు. మరుసటి ఏడాది నుంచి ఆ రోజును చదువు దినంగా జరుపుకుంటున్నారు. బడి పిల్లలు పుస్తకం చదివి దాని గురించి రాస్తారు.

ఏడు వారాలు ఇట్లా గడపవచ్చు

వారానికి ఒక పుస్తకం. ఏడు వారాలకు ఏడు పుస్తకాలు. చిన్న పుస్తకాలైనా సరే.

సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు కొన్ని పేజీలు చదవాలి. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండ కాల్చేస్తుంది. ఆ సమయంలో నీడలో కూర్చుని చదివితే వడదెబ్బ భయం తగ్గుతుంది. చెరువు భయం కూడా కొంత తగ్గుతుంది.

శుక్రవారం రాత్రి అన్నం తిన్న తర్వాత కథను నోటితో చెప్పాలి. ఇంట్లో అందరూ వినాలి. శనివారం నోటుబుక్కులో రాయాలి. చిన్న పిల్లలు బొమ్మ వేసి, కింద రెండు వాక్యాలు రాస్తే చాలు. ఆదివారం తల్లి చదివి సంతకం పెట్టాలి.

మహిళా సంఘం మీటింగ్ రోజున పిల్లలను కూడా తీసుకుపోవచ్చు. వేపచెట్టు కింద ఒక్కొక్కరు తమ పేజీని చదివి వినిపించాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. ఖర్చు లేని బహుమతి అది.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ నోటుబుక్కు సంచిలో పెట్టి పంపండి. టీచరమ్మకు చూపించమని చెప్పండి. ఏడు పేజీలు. ప్రతి పేజీ అడుగున అమ్మ సంతకం. అట్లాంటి పిల్లను వెనక బెంచీకి పంపడం ఎవరి తరమూ కాదు.

ఈ మాటలు చదవండి, రాయండి

పుస్తకం, గ్రంథాలయం, సమీక్ష, సెలవులు, సంతకం, నోటుబుక్కు, ప్రశ్న, జవాబు.

ఆలోచించండి, చెప్పండి

1. వేసవి సెలవుల్లో మీ పిల్లలు రోజంతా ఏం చేస్తున్నారు?
2. మీ ఊరి బడిలో కథల పుస్తకాలు ఉన్నాయా? పిల్లలకు ఇస్తున్నారా?
3. మీ మండలంలో గ్రంథాలయం ఎక్కడ ఉంది? ఏ రోజు తెరుస్తారు?
4. ఏడు చేపల కథలో తప్పు ఎవరిది? ఎందుకు? మీ జవాబు నాలుగు వాక్యాల్లో రాయండి. అది మీ మొదటి పుస్తక సమీక్ష అవుతుంది.